టెక్సాస్ ప్రభుత్వ వేట భూముల్లో అడుగుపెట్టే ముందు: పర్మిట్ కొనడం నుంచి మాంసం ఇంటికి చేరేదాకా

టెక్సాస్‌లో నూటికి తొంభై ఎకరాలకు పైగా ప్రైవేటు సొత్తే. కంచె కనిపిస్తే అవతల ఎవరిదో ఒకరి ర్యాంచ్ ఉన్నట్టే. అలాంటి రాష్ట్రంలో టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దాదాపు పది లక్షల ఎకరాలను ఏడాదికి 48 డాలర్ల పర్మిట్ మీద మామూలు జనానికి తెరిచి ఉంచుతోంది. ఫ్రిస్కోలోనో, కేటీలోనో ఉంటూ ర్యాంచ్ లీజుకు వేల డాలర్లు పెట్టలేని వాళ్లకు ఉన్న దారి ఇదే. పక్షులు చూడ్డానికి, చేపలు పట్టడానికి, పిల్లలతో టెంటు వేసుకోవడానికి వెళ్లేవాళ్లకూ ఇవే భూములు పనికొస్తాయి.

చిక్కు ఎక్కడంటే, ఈ భూముల్లో రూలు రాష్ట్రానికి ఒకటి, జిల్లాకి (కౌంటీకి) ఒకటి, ఆ ఫలానా అడవికి మరొకటి ఉంటుంది. మూడింట్లో ఏది బిగుతుగా ఉంటే అదే చెల్లుతుంది. జరిమానాలు కట్టేవాళ్లలో చాలామంది రాష్ట్ర రూలు చదివి, అడవి రూలు చదవకుండా వెళ్లినవాళ్లే.

ముందు అది ఏ రకం భూమో తేల్చుకోండి

స్టేట్ పార్క్ వేరు, వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియా వేరు. రెండూ ఒకే శాఖవి కాబట్టి ఒకటే అనుకుని బయల్దేరతారు. స్టేట్ పార్క్‌లో గేటు దగ్గర మనిషి ఉంటాడు, టాయిలెట్లు, కుళాయిలు ఉంటాయి. వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాలో, అంటే అందరూ డబ్ల్యూఎంఏ అనేచోట, చాలావరకు ఒక మట్టిరోడ్డు, ఒక నోటీసు బోర్డు, అంతే. తాగే నీళ్లు మీరే తెచ్చుకోవాలి. స్టేట్ పార్క్స్ పాస్ ఇక్కడ లోపలికి వెళ్లడానికి పర్మిట్ కింద లెక్కకు రాదు.

డల్లాస్ వైపు వాళ్లకు కోర్సికానాకు ఆగ్నేయంగా రిచ్‌లాండ్ క్రీక్, సల్ఫర్ స్ప్రింగ్స్ దగ్గర కూపర్ ఉన్నాయి. ఆస్టిన్ వాళ్లకు గ్రేంజర్, హ్యూస్టన్ వాళ్లకు సామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ దగ్గర. ఈ చివరిది ఫెడరల్ అడవి. నడకకు డబ్బు కట్టక్కర్లేదు కానీ, వేటకు మాత్రం రాష్ట్ర పర్మిట్ కావాలి. షెర్మన్ దగ్గరి హ్యాగర్‌మన్ లాంటి నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లు పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వానివి, వాటి రూల్స్ పుస్తకమే వేరు. కింద చెప్పేది రాష్ట్ర పర్మిట్ నడిచే భూముల గురించి.

కుటుంబంలో ఎవరికి ఏం కావాలి

వేటాడే 17 ఏళ్లు నిండిన ప్రతివాళ్లకూ రెండు కావాలి: వేట లైసెన్స్, యాన్యువల్ పబ్లిక్ హంటింగ్ పర్మిట్. పర్మిట్ 48 డాలర్లు. లైసెన్స్ టెక్సాస్ నివాసికి 25 డాలర్లు, బయటి రాష్ట్రం వాళ్లకు 315. నివాసి అనిపించుకోవాలంటే కొనే రోజుకు ముందు ఆరు నెలలకు పైగా ఆగకుండా ఇక్కడే ఉండి ఉండాలి. న్యూజెర్సీ నుంచి మారి రెండు నెలలైనవాళ్లు డ్రైవింగ్ లైసెన్స్ వచ్చేసిందని 25 డాలర్లది కొంటే అది తప్పుడు లైసెన్సే అవుతుంది. చేపలు కూడా పట్టే ఉద్దేశం ఉంటే 68 డాలర్ల సూపర్ కాంబో తీసుకోండి, వేట, చేపలు, రాష్ట్ర స్టాంపులు (అంటే కొన్ని వేటలకు అదనంగా కావాల్సిన అనుమతులు, ఎండార్స్‌మెంట్లనీ అంటారు) అన్నీ అందులోనే వచ్చేస్తాయి.

17 లోపు పిల్లలకు పర్మిట్ అక్కర్లేదు, కానీ వేటాడితే 7 డాలర్ల యూత్ లైసెన్స్ తప్పదు. వాళ్ల పక్కన పర్మిట్ ఉన్న 18 ఏళ్లు దాటిన పెద్దవాళ్లు ఉండాలి.

వేటాడకుండా ఊరికే తిరిగేవాళ్లకు 12 డాలర్ల లిమిటెడ్ పబ్లిక్ యూజ్ పర్మిట్ చాలు. ఇది మనిషికి ఒకటి, కారుకు ఒకటి కాదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని పక్షులు చూపించడానికి తీసుకెళ్తే వాళ్లకూ చెరొకటి కొనాల్సిందే. చేపలు పట్టాలంటే దీనికి తోడు ఫిషింగ్ లైసెన్స్ వేరు. 48 డాలర్ల పర్మిట్ ఉన్నవాళ్లకు ఈ 12 డాలర్లది అక్కర్లేదు, అందులోనే ఇదీ కలిసి ఉంటుంది.

అన్నీ ఆగస్టు 31తో ముగుస్తాయి. మీరు జూన్‌లో కొన్నా అంతే. అందుకని కొత్త ఏడాదివి ఆగస్టు 15 ప్రాంతంలో అమ్మకానికి రాగానే కొనడం లాభం. వాల్‌మార్ట్, అకాడమీ లాంటి దుకాణాల్లో కౌంటర్ దగ్గరే ఇస్తారు. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి కానీ, ట్యాగులున్న (కొట్టిన జింకకు కట్టాల్సిన చీటీలున్న) కాగితం పోస్టులో వచ్చేదాకా జింక జోలికి వెళ్లకండి. డిజిటల్ లైసెన్స్ కూడా ఉంది. మొదటి ఏడాదికి మాత్రం కాగితమే మేలు. అడవిలో సిగ్నల్ ఉండదు, చలికి ఫోను బ్యాటరీ చచ్చిపోతుంది.

హెచ్1బీ, ఎఫ్1, హెచ్4 మీద ఉన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి

గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. నాన్ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది: ఏదైనా అమెరికా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ మీ పేరున ఉంటే ఆ నిషేధం వర్తించదు.

దీని వెనక మూడు విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, మినహాయింపు మనిషికి సంబంధించింది. భర్తకు లైసెన్స్ ఉంటే భార్యకు ఉన్నట్టు కాదు. స్నేహితుడి రైఫిల్ పట్టుకుని ఫొటో దిగినా "దగ్గర ఉంచుకోవడం" కిందికే వస్తుంది. షూటింగ్ రేంజ్‌కీ ఇదే లెక్క. రెండోది, తూటాలు కూడా. కారు డిక్కీలో మిగిలిపోయిన ఒక్క పెట్టె చాలు. మూడోది, చాలామంది మర్చిపోయేది: ఆగస్టు 31 అర్ధరాత్రి లైసెన్స్ ముగుస్తుంది. ఇంట్లో గన్ ఉండి, కొత్త లైసెన్స్ లేకుండా సెప్టెంబర్ 1 తెల్లవారితే ఆ క్షణం నుంచి మీరు నిషేధం కిందికి వస్తారు. ఇది చిన్న జరిమానాతో పోయే సంగతి కాదు, తుపాకీ నేరాలు దేశం నుంచి పంపించేయడానికి కూడా కారణమవుతాయి. మీరు వేట మానేసినా గన్ ఉన్నంతకాలం ఏటా లైసెన్స్ కొంటూనే ఉండండి.

గన్ కొనేటప్పుడు దుకాణంలో 4473 అనే ఫారం నింపాలి. అందులో పౌరసత్వం, ఐ-94 నంబరు, ఏ మినహాయింపు కింద కొంటున్నారో అడుగుతారు. ప్రస్తుత చిరునామా ఉన్న డ్రైవింగ్ లైసెన్స్, ఐ-94 ప్రింట్, వేట లైసెన్స్ మూడూ వెంట ఉంచుకోండి. కొందరు దుకాణదారులకు ఈ మినహాయింపు తెలియక అమ్మనంటారు. వాదనకు దిగకుండా వేరే దుకాణానికి వెళ్లడం సుఖం. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తున్నవాళ్లు ముందుగా తమ లాయర్‌తో ఒకమాట అనుకోవడం మంచిది.

ఇంత తలనొప్పి వద్దనుకుంటే విల్లు పట్టండి. విల్లు, క్రాస్‌బో ఫెడరల్ చట్టంలో ఫైర్‌ఆర్మ్ కాదు కాబట్టి ఈ నిషేధం వాటికి లేదు. వేట లైసెన్స్ మాత్రం ఎలాగూ కావాలి. విలువేట సీజన్‌కు 7 డాలర్ల ఆర్చరీ ఎండార్స్‌మెంట్ అదనం. సూపర్ కాంబోలో అది ఉంటుంది.

హంటర్ ఎడ్యుకేషన్

1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ ఇది తప్పనిసరి. 17 దాటినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లోనే ముగించుకోవచ్చు. 9 నుంచి 16 ఏళ్ల పిల్లలు క్లాసుకు వెళ్లాలి, లేదా ఆన్‌లైన్‌కి తోడు ఫీల్డ్ రోజు చేయాలి. సీజన్ ముంచుకొచ్చి టైము లేకపోతే 10 డాలర్లు కట్టి వాయిదా వేసుకోవచ్చు. జీవితంలో ఒక్కసారే, 17 దాటినవాళ్లకే. ఆ ఏడాదంతా కోర్సు పూర్తిచేసిన లైసెన్సుదారు ఒకరు మాట వినిపించేంత దూరంలో ఉండాలి. అయినా క్లాసుకు వెళ్లడమే మా సలహా. తుపాకీ ఎప్పుడూ చూడని మనలాంటివాళ్లకు దాన్ని చేతికిచ్చి, కంచె ఎలా దాటాలో, ముగ్గురు వరుసగా నడుస్తుంటే మొన ఎటు ఉండాలో చేయించి చూపించేది అక్కడే.

అడవిని ఎంచుకోవడం

శాఖ ఏటా పబ్లిక్ హంటింగ్ ల్యాండ్స్ మ్యాప్ బుక్‌లెట్ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో ఉంటుంది. ప్రతి అడవికీ ఒక యూనిట్ నంబరు, ఆ నంబరు కింద ఏ జంతువు, ఏ తేదీలు, ఏ ఆయుధం, ఎక్కడ పార్కింగ్, ఎక్కడ క్యాంపింగ్ అని రాసి ఉంటుంది. దీన్ని చదివే పద్ధతి ఒకటుంది. అందులో పేరు లేని జంతువును ఆ యూనిట్‌లో కొట్టకూడదు, అంతే. జిల్లాలో సీజన్ తెరిచి ఉన్నా సరే.

అడవి పందితో ఎక్కువమంది ఇక్కడే దొరికిపోతారు. 2019 సెప్టెంబర్ 1 నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో, అడవి పందిని కొట్టడానికి లైసెన్సే అక్కర్లేదు. యూట్యూబ్‌లో చూసి అదే మాట నమ్మి ప్రభుత్వ అడవికి వెళ్తారు. ఇక్కడ లైసెన్స్, పర్మిట్ రెండూ కావాలి, ఆ యూనిట్‌లో ఆ తేదీల్లో పందికి అనుమతి ఉండాలి. కొన్నిచోట్ల ఏ సీజన్ నడుస్తుంటే ఆ ఆయుధంతోనే కొట్టాలి. ఉడుతల సీజన్‌లో షాట్‌గన్ మాత్రమే అంటే పందికీ షాట్‌గన్నే.

ఇక్కడో చిత్రం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల జింక. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి మీద చెయ్యి వేస్తే జైలే. టెక్సాస్‌లో ఆ రెండూ బయటినుంచి తెచ్చి వదిలిన "ఎగ్జాటిక్" జాతులు, రాష్ట్రం వాటికి సీజనూ పెట్టలేదు, ఎన్ని కొట్టొచ్చో పరిమితీ పెట్టలేదు. ప్రభుత్వ యూనిట్‌లో మాత్రం బుక్‌లెట్‌లో ఎగ్జాటిక్ అని రాసి ఉంటేనే.

మంచి జింకల వేటలు కొన్ని లాటరీ మీద ఇస్తారు, డ్రాన్ హంట్స్ అంటారు. చాలావాటికి గడువు ఆగస్టు నుంచే మొదలవుతుంది కాబట్టి అక్టోబర్‌లో గుర్తొస్తే ఆ ఏడాదికి అయిపోయినట్టే. వీటిలో ఈ-పోస్ట్‌కార్డ్ హంట్స్ అనేవి 48 డాలర్ల పర్మిట్ ఉన్నవాళ్లకు దరఖాస్తు ఖర్చు లేకుండా దొరుకుతాయి. మొదటి ఏడాది వాటితో మొదలుపెట్టండి. లాటరీ వేట జరిగే రోజుల్లో ఆ అడవి మిగతా అందరికీ మూసేస్తారు, పక్షులు చూసేవాళ్లకు కూడా. బయల్దేరే ముందు రోజు తేదీలు మళ్లీ చూసుకోండి.

సీజన్ మొదలవక ముందే ఒకసారి పగటిపూట వెళ్లి నడవండి. సరిహద్దు గుర్తులు ఎక్కడున్నాయో, వానకు ఏ రోడ్డు మునుగుతుందో అప్పుడే తెలుస్తుంది. మ్యాప్‌ను ఫోనులో ఆఫ్‌లైన్‌గా దించుకోండి. గీత దాటి పక్క ర్యాంచ్‌లో పడ్డ జింక కోసం అనుమతి లేకుండా వెళ్లినా అది అక్రమ ప్రవేశమే.

అడవిలో ఆ రోజు

గేటు దగ్గర రిజిస్ట్రేషన్ పెట్టె ఉంటే చీటీ నింపాలి. వెళ్లేటప్పుడు పేరు, సమయం, తిరిగొచ్చేటప్పుడు ఏం దొరికింది, ఏం దొరకలేదు. చాలాచోట్ల ఇప్పుడు మై టెక్సాస్ హంట్ హార్వెస్ట్ యాప్‌లోనే చేయొచ్చు. సిగ్నల్ ఉన్నచోట, అంటే హైవే మీదే, యాప్ తెరిచి పెట్టుకోండి. ఏమీ దొరక్కపోయినా చెక్‌అవుట్ చేయాలి. అది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

తర్వాత ఆరెంజ్. తుపాకీ వేట అనుమతి ఉన్న రోజుల్లో పగటిపూట లోపల ఉండేవాళ్లందరూ, వేటాడినా వేటాడకపోయినా, మెరిసే ఫ్లోరసెంట్ ఆరెంజ్ వేసుకోవాలి. మొత్తం 400 చదరపు అంగుళాలు, అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144, తలకు ఆరెంజ్ టోపీ. టర్కీ కోడి, గువ్వల్లాంటి కొన్ని వేటలకు మినహాయింపు ఉంది. ఎర్ర చొక్కా, కాషాయం కుర్తా దీనికి పనికిరావు. పది, పదిహేను డాలర్ల వెస్ట్ ఒకటి, టోపీ ఒకటి కొంటే సరిపోతుంది. వెస్ట్ మీద బ్యాక్‌ప్యాక్ తగిలిస్తే వీపు మీది ఆరెంజ్ మొత్తం దాని కింద దాక్కుంటుంది. బ్యాగు మీద ఇంకో ఆరెంజ్ కవర్ వేయండి.

జింక, పంది, ఉడుత, టర్కీ లాంటివాటికి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చొచ్చు. గువ్వలు, బాతుల లాంటి వలస పక్షులకు సాయంత్రం సూర్యాస్తమయంతోనే ఆఖరు, ఆ అరగంట లేదు. వలస పక్షులకు షాట్‌గన్‌లో మూడు తూటాలకు మించి పట్టకూడదు, అందుకే ప్లగ్ అనే చిన్న కర్ర ముక్క పెడతారు. కొత్త గన్ కొన్నాక శుభ్రం చేసేటప్పుడు అది తీసి, తిరిగి పెట్టడం మర్చిపోతారు. బాతులకు సీసం గుళ్లు నిషేధం, స్టీలు లాంటి విషం లేనివి వాడాలి. 16 ఏళ్లు నిండినవాళ్లకు 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ వేరు, సూపర్ కాంబోలో అది రాదు.

మంచె కట్టడానికి చెట్టుకు మేకు, స్క్రూ దించకూడదు. పట్టీతో బిగించే, విప్పుకోగలిగే మంచె మాత్రమే. దాన్ని సీజనంతా వదిలేసి చోటు నాదంటే కుదరదు, పని అయ్యాక విప్పి తెచ్చుకోవాలి. మొక్కజొన్న చల్లి జింకను రప్పించడం ప్రైవేటు ర్యాంచ్‌లలో రోజూ చేసే పని. ప్రభుత్వ భూమిలో మేత వేయడం నిషేధం. జేబులో సంచీ మొక్కజొన్న ఉన్నా గేమ్ వార్డెన్, అంటే వేట రూల్స్ అమలుచేసే అధికారి, అడుగుతాడు. వాహనంలోంచి కాల్చకూడదు, వాహనంలో లోడ్ చేసిన రైఫిల్, షాట్‌గన్ ఉండకూడదు. టార్గెట్ ప్రాక్టీస్ ఇక్కడ చేయకూడదు, దానికి రేంజ్ ఉంది. బహిరంగంగా మద్యం తాగడం, సీసా బయటికి కనిపించేలా పెట్టడం కూడా నిషేధమే. క్యాంపులో సాయంత్రం బీరు అనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

జింక పడ్డాక

కొట్టే ముందే ఒక కొలత చూడాలి. చాలా జిల్లాల్లో మగజింకకు కొమ్ముల లోపలి వెడల్పు 13 అంగుళాలుండాలి, లేదా కనీసం ఒక కొమ్ము కొమ్మలుగా చీలకుండా ఉండాలి. దూరంనుంచి టేపు పెట్టలేం కాబట్టి, జింక చెవులు నిక్కబొడిచి మీ వైపు చూసినప్పుడు కొమ్ములు చెవి కొసల కంటే బయటికి ఉన్నాయా అని చూస్తారు. అనుమానం ఉంటే వదిలేయండి. ఆడజింకను కొట్టడం ఇంకా కట్టుదిట్టం, యూనిట్ పేజీలో రాసి ఉంటేనే.

కదిలించే ముందే ట్యాగ్. లైసెన్స్ నుంచి సరైన ట్యాగ్ చించి, నెల, తేదీ గుర్తు దగ్గర కత్తితో కోసి తీసేయాలి. పెన్నుతో గీత గీస్తే చెల్లదు. స్థలం పేరు, జిల్లా ఇంకుతో రాసి జింకకు కట్టాలి. తర్వాత లైసెన్స్ వెనక ఉన్న హార్వెస్ట్ లాగ్ నింపాలి. జింకను రోడ్డు దాకా లాగి, ఊపిరి తీసుకుని, ఫొటోలు దిగి, అప్పుడు ట్యాగ్ కడదామనుకునేవాళ్లకు ట్రక్కు దగ్గరే జరిమానా చీటీ పడుతుంది. మగదా ఆడదా అని తెలిసే భాగం, సాధారణంగా తల, మాంసం చేరాల్సిన చోటుకు చేరేదాకా ఉంచాలి. జింకల్లో వచ్చే సీడబ్ల్యూడీ రోగం ఉన్న జోన్లలో తలను చెక్ స్టేషన్‌లో చూపించాల్సి రావచ్చు, వేటకు వెళ్లే ముందే ఆ జోన్ల మ్యాప్ చూసుకోండి.

నవంబర్‌లో కూడా టెక్సాస్ మధ్యాహ్నం ఎండ మాంసాన్ని పాడుచేస్తుంది. వెంటనే పేగులు తీసేసి, నాలుగు కాళ్లూ, నడుము మాంసం విడదీసి, 40 ఫారెన్‌హీట్ లోపు చల్లబరచాలి. ఒక జింకకు పెద్ద కూలర్, 40 పౌండ్ల ఐసు పెట్టుకోండి. కూలర్ అడుగున బిరడా తెరిచి, కాస్త వాలుగా పెడితే నీళ్లు కారిపోతాయి, మాంసం నానదు. నీచు వాసన అనేది చాలావరకు ఇలా నానిన మాంసానిదే, జింకది కాదు.

పందిని కోసేటప్పుడు రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. అడవి పందుల్లో బ్రూసెల్లోసిస్ ఉంటుంది, చేతి మీది చిన్న గాటు లోంచి రక్తం ద్వారా అంటుతుంది. మాంసం లోపల 160 ఫారెన్‌హీట్ వచ్చేదాకా ఉడకాలి. ఉప్పు సరిపోయిందా అని ఉడుకుతున్న ముక్కను ముందే నోట్లో వేసుకోకండి.

వేటాడనివాళ్లకు

ఫిబ్రవరి నడుమ నుంచి మార్చి చివరిదాకా మంచి కాలం. జింకల సీజన్ ముగిసిపోతుంది, వసంతకాలపు టర్కీ వేట చాలాచోట్ల ఇంకా మొదలవదు, వలస పక్షులు చాలా ఉంటాయి, పాములు తక్కువ. రిచ్‌లాండ్ క్రీక్ చిత్తడి నేలలు ఈ కాలంలో బాగుంటాయి. వేట రోజుల్లో వెళ్తే మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు మధ్య నడవండి, ఆరెంజ్ వేసుకోండి, ఎవరైనా మాటు వేసి కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్లండి. టెంటు గుర్తించిన చోటే వేయాలి. సామ్ హ్యూస్టన్‌లో జింకల తుపాకీ సీజన్‌లో హంటర్ క్యాంపులు, సదుపాయాలున్న క్యాంప్‌గ్రౌండ్లలో తప్ప ఎక్కడా వేయకూడదు. జిల్లాలో బర్న్ బ్యాన్ ఉంటే మంట పెట్టకూడదు. పుట్టగొడుగులు, మొక్కలు, రాళ్లు, పాత బాణపు మొనలు ఏవీ తీసుకెళ్లకూడదు. డ్రోన్‌తో జంతువుల్ని వెతకడం, తరమడం నేరం.

వార్డెన్ ఎదురైతే

ఆపి అడిగే అధికారం గేమ్ వార్డెన్‌కు ఉంది. లైసెన్స్, కూలర్, గన్‌లో ప్లగ్ అన్నీ చూడొచ్చు. గన్ మొన నేలకో ఆకాశానికో ఉంచి, ఆయన చెప్పినట్టు అన్‌లోడ్ చేసి పక్కన పెట్టండి. లైసెన్స్, పర్మిట్, హంటర్ ఎడ్యుకేషన్ రుజువు, ఫొటో ఐడీ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటే వెతుకులాట ఉండదు. నాన్ఇమిగ్రెంట్ వీసా ఉన్నవాళ్లు ఐ-94 ప్రింట్ కూడా అందులోనే ఉంచండి. లైసెన్స్, పర్మిట్ తప్పులు చాలావరకు క్లాస్ సీ నేరాలు, 25 నుంచి 500 డాలర్ల జరిమానా. రూలు అర్థం కాకపోతే వేటకు ముందే ఆ జిల్లా వార్డెన్‌కు ఫోన్ చేసి అడగండి. వాళ్ల నంబర్లు శాఖ వెబ్‌సైట్‌లో జిల్లా వారీగా ఉంటాయి, ఓపిగ్గానే చెప్తారు.